గుడి పేరున్న ఇంకో మిల్లు ఊరు

నేనిప్పుడు జపాన్‌లో ఉంటున్న ఊరి పేరు ఇచినోమియా. ఐచి అనే ప్రాంతంలో, నగోయా నగరానికి ఉత్తరాన, రైల్లో పావుగంట దూరం. 'ఇచి' అంటే ఒకటి, 'మియా' అంటే గుడి. పాత రోజుల్లో ఈ సీమకంతా మొదటి గుడి ఇక్కడ ఉండేది కాబట్టి ఆ పేరు. మన కోవిల్‌పట్టి పేరులోనూ గుడే కదా ఉంది! గుడి ముందు సంత, సంత చుట్టూ మగ్గాలు, మగ్గాల చుట్టూ ఇళ్లు. అట్లా పెరిగిన ఊరిది.

రెండేళ్లు నగోయాలో కంపెనీ హాస్టల్లో ఉన్నాను. ఈ ఏప్రిల్‌లో సొంతంగా చిన్న ఇల్లు అద్దెకి తీసుకుని ఇక్కడికి మారాను. అద్దె తక్కువ, అందుకే వచ్చాను. వచ్చాక తెలిసింది, ఇది మగ్గాల ఊరని. ఆ మాట ఫోన్లో చెప్పగానే మా నాయన అడిగిన మొదటి ప్రశ్న, "ఆడ మిల్లు నడుస్తా ఉందా?" ముప్పై నాలుగేళ్లు స్పిన్నింగ్‌లో నిలబడిన మనిషి ఇంకేం అడుగుతాడు!

రెండో ప్రశ్న విరుదునగర్ నుంచి వచ్చింది. మా చిన్నాయన కూతురు అక్కడ ఒక నూలు మిల్లులో వైండింగ్‌లో పని చేస్తోంది. జపాన్‌లో బట్టల ఫ్యాక్టరీ పని ఇప్పిస్తానని ఒక ఏజెంట్ చెప్పాడట. "అక్కా, రావచ్చునా?" అని అడిగింది. సరే, ఊరు చూసి చెప్తానన్నాను. ఆదివారాలు నడవడం అట్లా మొదలైంది.

ఇక్కడ అడ్రసు పట్టుకోవడమే ఒక విద్య. చాలా వీధులకి పేర్లు ఉండవు. పేటకి ఒక పేరు, అందులో బ్లాకుకి ఒక నంబరు, ఇంటికి ఇంకో నంబరు. అందుకని ఊరిని గుర్తులతో నేర్చుకోవాలి. నా గుర్తులు స్టేషను, గుడి, రంపపు పళ్ల కప్పులు.

స్టేషన్ భవనంలోనే పై అంతస్తుల్లో ఊరి లైబ్రరీ ఉంది. రైలు దిగిన మనిషి లిఫ్ట్ ఎక్కితే పుస్తకాల మధ్యకి వెళ్తాడు. బడి పిల్లలు, రిటైరైన ముసలివాళ్లు సాయంత్రం దాకా అక్కడే కూర్చుంటారు. స్టేషన్ నుంచి కొంచెం నడిస్తే హొన్‌మాచి బజారు, పైన కప్పు వేసిన పొడవాటి వీధి. ఎండైనా వానైనా గొడుగు అక్కర్లేదు. విరుదునగర్ మెయిన్ బజారుకి అట్లా కప్పు వేస్తే ఎంత బాగుంటుందో అనుకున్నాను. కానీ విరుదునగర్ బజారులో మిరపకాయల ఘాటు, మూటలు, జనం. ఇక్కడ చాలా అంగళ్లకి షట్టర్లు దించి ఉన్నాయి.

ఆ వీధి చివర మసుమిద గుడి. చెక్క గుడి, పెద్ద ఆవరణ, చెట్లు. దాని ముందు సంత 1727లో మొదలైంది. తేదీలో 3 గానీ 8 గానీ వచ్చే రోజుల్లో, అంటే నెలకి ఆరుసార్లు జరిగేది. మనకి ఎట్టయాపురం మేకల సంత శనివారం ఎట్లాగో, వీళ్లకి 3, 8 అట్లాగ. ఇక్కడ పత్తి, నూలు, నేసిన గుడ్డ అమ్మేవాళ్లు. గుడి ఆవరణలోనే నేతకి వేరే ఒక అమ్మవారు ఉంది. జూలై చివర ఊరంతా రంగు కాగితాల తోరణాలు కట్టి తనబతా పండుగ చేస్తారు. ఆకాశంలో బట్టలు నేసే అమ్మాయి, పశువులు కాసే అబ్బాయి ఏడాదికి ఒక్కసారే కలుస్తారన్న కథ మీద వచ్చిన పండుగ. నేసే అమ్మాయికి ఏడాదికి ఒకే సెలవు! ఆ కథ చెప్పగానే మా అమ్మ, "మిల్లు వాళ్లే అల్లుంటారు ఆ కథని" అంది.

బజారు దాటి ఇళ్ల మధ్యకి వెళ్తే రంపపు పళ్ల కప్పులు కనిపిస్తాయి. మన మిల్లు షెడ్లవి కూడా అదే తీరు: ఒక పక్క ఏటవాలు, ఇంకో పక్క నిలువు అద్దం, అట్లా వరసగా. అద్దం ఉత్తరానికే పెడతారు. నేరుగా ఎండ పడకుండా రోజంతా ఒకే వెలుతురు ఉంటే గుడ్డ రంగు, తెగిన పోగు సరిగ్గా కనిపిస్తాయి. మనకి అట్లాంటి కప్పంటే లక్ష్మీ మిల్లు, లాయల్ మిల్లు లాంటి పెద్ద కాంపౌండ్ గుర్తొస్తుంది. ఇక్కడ రెండు పళ్ల కప్పు, మూడు పళ్ల కప్పు కూడా ఉన్నాయి, ఇంటి పక్కనే, పెరట్లోనే. ఒక కుటుంబం, నాలుగో ఎనిమిదో మగ్గాలు. అట్లాంటి షెడ్లు ఈ చుట్టుపక్కల ఇప్పటికీ వందల కొద్దీ ఉన్నాయి. కొన్నింట్లో కార్లు పెడుతున్నారు, కొన్నింటిని గోడౌన్లు చేశారు, కొన్ని ఊరికే తుప్పు పడుతున్నాయి. ఒకటి రెండు చోట్ల మాత్రం లోపల్నుంచి మగ్గం చప్పుడు వినిపించింది. నాయనకి ఫోన్ చేసి గోడ దగ్గర పెట్టి వినిపించాను. "షటిల్ మగ్గమే" అన్నాడు వెంటనే.

ఆ చప్పుడుకి ఇక్కడ ఒక మాటే ఉంది, 'గాచామన్'. 'గాచా' అంటే మగ్గం ఒకసారి కొట్టిన చప్పుడు, 'మన్' అంటే పది వేలు. ఒక్కసారి కొడితే పది వేల యెన్‌లు వస్తాయన్నమాట! 1945 జూలైలో బాంబులు పడి ఈ ఊరు చాలా వరకు కాలిపోయింది. అయిదేళ్లకే, 1950లో కొరియా యుద్ధంతో బట్టకి గిరాకీ వచ్చి, మగ్గం ఉన్నవాడల్లా డబ్బు చూశాడు. అప్పటి మాట అది. ఇక్కడి కాఫీ అలవాటు కూడా మగ్గాలతోనే ముడిపడిందని చెప్తారు. షెడ్డులో చప్పుడుకి మాట వినపడదు కాబట్టి, బేరానికి వచ్చినవాళ్లని పొద్దున్నే కాఫీ హోటలుకి తీసుకెళ్లేవాళ్లట. తరచు వచ్చేవాళ్లకి హోటలు వాళ్లు కాఫీతో పాటు ఉడికిన గుడ్డు, వేరుశనక్కాయలు ఊరికే పెట్టడం మొదలుపెట్టారు. ఇప్పటికీ ఇక్కడ పొద్దున కాఫీకి డబ్బిస్తే రొట్టె, గుడ్డు దానితోనే వస్తాయి. రొట్టె మీద ఎర్ర చిక్కుడు గింజలు ఉడికించి చేసిన తీపి పూర్ణం రాసి ఇస్తారు. మన బొబ్బట్లలో పూర్ణాన్ని రొట్టె మీద వేసుకుని తిన్నట్టే ఉంటుంది.

మా వీధి మూలన అట్లాంటి హోటలు ఒకటి నడిపే ముసలమ్మకి ఎనభై దాటాయి. దక్షిణాన క్యూషు దీవి నుంచి పదిహేనేళ్లప్పుడు రైల్లో వచ్చిందట. 1950, 60లలో పల్లెల్లో బడి ముగించిన పిల్లల్ని గుంపులుగా ప్రత్యేక రైళ్లలో ఎక్కించి పట్నం ఫ్యాక్టరీలకి పంపేవాళ్లు. 'బంగారు గుడ్లు' అని పేరు పెట్టారు ఆ పిల్లలకి. ఈమె అట్లా ఒక నేత ఫ్యాక్టరీలో చేరి, అక్కడే పెళ్లి చేసుకుని ఉండిపోయింది. నా జపనీస్ అంతంత మాత్రమే. కానీ మన తెలుగువాళ్లకి, తమిళవాళ్లకి ఈ భాషలో ఒక సుఖం ఉంది: మనలాగే క్రియ చివర్లో వస్తుంది. 'నేను అన్నం తిన్నాను' అన్న వరసలోనే మాటలు పేర్చుకుంటూ పోవచ్చు. మా అమ్మ కూడా వైండింగ్‌లో పని చేసిందని చెప్తే ఆమె నా వేళ్లు పట్టుకుని చూసింది. తన చూపుడు వేలు మీద నూలు కోసిన గీత చూపించింది. మా అమ్మ వేలి మీద కూడా అదే చోట ఉంది.

కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఊరు కూడా అని చెప్పి, ఇంటి నుంచి తెచ్చిన కడలై మిఠాయి పొట్లం ఇచ్చాను. అగ్గిపెట్టెల సంగతి వినగానే ఆమె లోపలికి వెళ్లి, హోటలు పేరు అచ్చువేసిన పాత అగ్గిపెట్టె తెచ్చి ఇచ్చింది. ఒకప్పుడు ప్రతి కాఫీ హోటలూ అట్లా పంచేదట. జపాన్ అగ్గిపెట్టెలు ఒకప్పుడు మన దేశానికి ఓడల్లో వచ్చేవి, మన దేవుళ్ల బొమ్మలు అచ్చువేసుకుని మరీ. ఆ వ్యాపారం తగ్గి, మన శివకాశి, కోవిల్‌పట్టి వైపు అగ్గిపెట్టెలు పెరిగాయి.

బట్టలో మాత్రం లెక్క ఇంకా పాతది. లైబ్రరీలో బొమ్మలున్న పుస్తకాలు తిరగేస్తుంటే, ఈ ప్రాంతంలో పూర్వం నేసిన చారల గుడ్డ పేరు కనపడింది: 'సాంతోమె జిమా'. సాంతోమె అంటే శాంతోమ్, మన చెన్నైలోని శాంతోమే! అక్కడి తీరం నుంచి పోర్చుగీసువాళ్ల, డచ్చివాళ్ల ఓడల్లో వెళ్లిన చారల నూలుగుడ్డ ఇక్కడివాళ్లకి నచ్చి, దాన్ని చూసి తామే నేయడం నేర్చుకున్నారు. గుడ్డ మారింది, నేసేవాళ్లు మారారు, పేరు మాత్రం మన తీరానిదే నిలిచింది. జపనీస్‌లో చారకి 'షిమా' అంటారు, దీవికీ 'షిమా' అనే అంటారు. సముద్రం అవతల దీవుల నుంచి వచ్చిన గుడ్డ కాబట్టే చారకి ఆ పేరొచ్చిందని చెప్తారు.

దీని వెనక ఇంకో సంగతి ఉంది, అది అంత తీపి కాదు. ఈ ఐచి ప్రాంతం ఒకప్పుడు పత్తి పండించిన నేల. 1891 అక్టోబర్ 28న పెద్ద భూకంపం వచ్చి ఇక్కడా పక్క ప్రాంతంలోనూ ఏడు వేల మందికి పైగా చనిపోయారు. 1893లో నిప్పాన్ యూసెన్ అనే జపాన్ ఓడల కంపెనీ, మన జంషెట్‌జీ టాటా కలిసి బొంబాయి నుంచి కోబె రేవుకి ఓడలు నడిపారు. ఓడల్లో ముఖ్యమైన సరుకు మన దేశపు పత్తి. 1896లో జపాన్ ప్రభుత్వం బయటి పత్తి మీద సుంకం తీసేసింది. మిల్లులకి చవక దూది దొరికింది, ఇక్కడి పత్తి రైతు చేతులెత్తేశాడు. ఈ ఊరు పత్తి వదిలి మెల్లగా ఉన్ని గుడ్డకి మారింది, ఇప్పుడు దీని పేరంతా ఉన్నికే. కరిసల్ నేలలో పుట్టినవాళ్లం మనం, పత్తి ధర పడిపోతే రైతు ఇంట్లో ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పుడు మన పత్తే ఇంకో ఊరి రైతుని పొలం నుంచి లేపింది.

ఆ రైతుల ఇళ్ల నుంచే కూతుళ్లు మిల్లులకి వెళ్లారు. మిల్లు మనిషి పల్లెకి వచ్చి తండ్రి చేతిలో అడ్వాన్స్ పెట్టేవాడు, బిడ్డ కొన్నేళ్ల ఒప్పందానికి వెళ్లేది. పన్నెండేసి గంటల షిఫ్టులు, రాత్రీ పగలూ. పగటి షిఫ్ట్ పిల్ల లేచిన పరుపు మీదే రాత్రి షిఫ్ట్ పిల్ల పడుకునేది. హాస్టల్ గేటుకి తాళం. దుమ్ముకి, నిద్రలేమికి క్షయ పట్టి ఇంటికి తిరిగి వచ్చినవాళ్లు ఎందరో. మిల్లులో పని చేసిన హొసోయి వకిజో అనే కార్మికుడు ఇదంతా రాసి పుస్తకం వేశాడు. 1925 జూలైలో అది వచ్చింది, మరుసటి నెలలోనే అతను చనిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు. ఫ్యాక్టరీ చట్టం 1911లో చేసి, 1916లో అమల్లో పెట్టారు, కానీ మిల్లు యజమానుల కోసం గడువు ఇస్తూ పోయి, ఆడవాళ్ల రాత్రి పని ఆపింది 1929 జూలైలో. చట్టం కాగితం మీద పుట్టాక కూడా ఆ పిల్లలు పద్దెనిమిదేళ్లు రాత్రుళ్లు నిలబడ్డారు.

ఇది చదువుతున్న అమ్మలకి నేను వేరే చెప్పాలా? మూడేళ్లు హాస్టల్లో ఉండి పని చేస్తే చివర్లో పెళ్లికి ఒకేసారి డబ్బు ఇస్తామని 'సుమంగళి' పేరుతో మన జిల్లాల్లో పిల్లల్ని తీసుకెళ్లిన రోజులు మనం చూశాం.

వాళ్లకి దక్కిన సంతోషాలు కూడా ఉన్నాయి, అవీ చెప్పాలి. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వాలీబాల్‌లో జపాన్‌కి బంగారు పతకం వచ్చింది. ఆ జట్టులో ఎక్కువమంది ఒసాకా దగ్గర కైజుకా నూలు మిల్లులో పని చేసే అమ్మాయిలు. ఆ ఫైనల్ గురించి అడిగితే ముసలమ్మ మొహం వెలిగిపోయింది. ఫ్యాక్టరీ మెస్సులో టీవీ ముందు అందరూ నిలబడి చూశారట. మన కోవిల్‌పట్టి పిల్లలు హాకీ కర్ర పట్టుకుంటే ఊరంతా గ్రౌండ్‌కి వెళ్లినట్టే.

ఇప్పుడు ఈ ఊళ్లో మగ్గం, కుట్టు మిషను మీద కూర్చునే చేతుల్లో బయటివాళ్లవీ ఉన్నాయి. జపాన్‌లో విదేశీయులు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఈ ఐచి ఒకటి. మా కింది ఇంట్లో ముగ్గురు వియత్నాం అమ్మాయిలు ఉంటారు, 'శిక్షణ' వీసా మీద కుట్టు ఫ్యాక్టరీలో పని. ఆదివారం వాళ్లు వండిన చారు గిన్నె నాకు వస్తుంది, నా పులిహోర గిన్నె కిందికి వెళ్తుంది. వాళ్లలో పెద్దమ్మాయి చెప్పింది, తమ దేశంలో ఏజెంటుకి అప్పు చేసి కట్టిన డబ్బు తీరడానికి మొదటి రెండేళ్ల జీతం పోయిందని. అడ్వాన్స్ తీసుకున్న తండ్రి, అప్పు చేసిన కూతురు. వందేళ్ల తేడాలో మారింది ఆ ఒక్కటే అనిపించింది ఆ రాత్రి.

ఆ 'శిక్షణ' పద్ధతి 1993 నుంచి ఉంది. అందులో చేరినవాళ్లు మామూలుగా యజమానిని మార్చుకోలేరు. దాని మీద ఎన్నో ఫిర్యాదులు వచ్చాక, దాన్ని తీసేసి కొత్త పద్ధతి పెట్టడానికి జపాన్ 2024లో చట్టం చేసింది, అది 2027లో అమల్లోకి వస్తుంది. కొన్ని షరతుల మీద ఉద్యోగం మారే వీలు అందులో ఉంది. మన దేశంతో కూడా జపాన్‌కి ఈ శిక్షణ గురించి 2017లో, నైపుణ్యం ఉన్న పనివాళ్ల గురించి 2021లో ఒప్పందాలు అయ్యాయి. కాబట్టి ఏజెంట్లు మన వీధుల్లోకీ వస్తారు, వస్తున్నారు.

మా చెల్లెలికి నేను 'రా' అనలేదు, 'వద్దు' అనలేదు. ఏజెంట్‌ని మూడు మాటలు అడగమన్నాను. ఒకటి, ఎంత డబ్బు, ఎవరి పేరున, రసీదు ఇస్తావా? విదేశీ ఉద్యోగాల ఏజెంటుకి 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. అట్లాంటి ఏజెంటు తన సేవకి తీసుకోవలసింది రూ. 30,000, పైన జీఎస్టీ, అంతే. రెండు, జీతంలో గదికి, తిండికి, ఇన్సూరెన్సుకి పోగా చేతికి ఎంత వస్తుంది, అది నేను చదవగలిగే భాషలో ఒప్పందం మీద రాసి ఉందా? మూడు, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉంటుంది? శిక్షణకి వచ్చినవాళ్ల పాస్‌పోర్ట్ ఇంకొకరు లాక్కుని పెట్టుకోవడం ఇక్కడి చట్టం ప్రకారం నేరం.

మూడు లక్షలు అడిగిన ఆ మనిషి మొదటి ప్రశ్నకే, "నమ్మకం లేకపోతే వదిలేయమ్మా" అన్నాడట. వదిలేసింది. కానీ జపనీస్ నేర్చుకోవడం వదల్లేదు. షిఫ్ట్ అయ్యాక రోజూ గంటసేపు ఫోన్లో నాతో అక్షరాలు చదువుతోంది. సరైన దారి దొరికితే వస్తుంది, లేకపోతే ఆ భాషే విరుదునగర్‌లో ఇంకో పనికి ఉపయోగపడుతుంది. నిర్ణయం తనది.

కోవిల్‌పట్టి పక్కనే ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' అనే తమిళ నవలలో, తెలుగు సీమ నుంచి దక్షిణానికి నడిచి వచ్చి, అడవి కొట్టి ఊరు కట్టుకున్న మనవాళ్ల కథ చెప్పారు. వలస మనకి కొత్త కాదు. వచ్చినచోట నేల ఎట్లాంటిది, నీళ్లెక్కడ, పక్కవాడెవడు అని చూసుకునే మన ముత్తాతలు పొయ్యి పెట్టారు. ఇప్పటి మన పిల్లలు చూసుకోవలసింది ఒప్పందం కాగితం.

నాయన అడిగిన దానికి జవాబు కూడా చెప్పాను. మిల్లు నడుస్తోంది నాయనా, కొంచెంగా. మంచి ఉన్ని గుడ్డ నేసే షెడ్లు ఇంకా ఉన్నాయి, బయటి దేశాల పెద్ద దుకాణాలు కొంటున్నాయి. మిగతా ఊరు వేరే పనులు నేర్చుకుంది. 1933లో కట్టిన నేతవాళ్ల సంఘం భవనాన్ని పడగొట్టకుండా బట్టల అంగళ్లకి, చిన్న ఆఫీసులకి ఇచ్చారు. అక్కడ మీటరు లెక్కన తునకలు అమ్ముతారు. నాయనకి ఒక కోటు గుడ్డ కొన్నాను. కోవిల్‌పట్టి ఎండలో కోటు ఎప్పుడు వేసుకుంటాడని అడక్కండి. చేత్తో తడిమి నేత ఎట్లా ఉందో చెప్తాడు, అది చాలు.

పోయిన వారం మా ఇంటి తలుపుకి ఒక అట్ట తగిలించి ఉంది. ఇక్కడ పేట సంఘం వాళ్లు చెత్త తీసే రోజులు, భూకంపం వస్తే చేరవలసిన చోటు, పండుగ చందా, అన్నీ ఒక కాగితంలో రాసి ఇల్లిల్లూ తిప్పుతారు. చదివినవాళ్లు తమ పేరు దగ్గర గుర్తు పెట్టి పక్కింటికి ఇవ్వాలి. ఇన్ని నెలలు అది మా ఇల్లు దాటి వెళ్లిపోయేది. ఈసారి చివర్లో నా పేరు కూడా రాసి ఉంది, కాఫీ హోటలు ముసలమ్మ చేతిరాత. కింద వియత్నాం పిల్లల పేర్లు లేవు. నా పేరు దగ్గర గుర్తు పెట్టాను, వాళ్ల ముగ్గురి పేర్లు నేనే కింద రాసి, అట్ట తీసుకెళ్లి వాళ్ల తలుపుకి తగిలించాను.